మెయిలక్క పచ్చ

మా ఆఫీసుల నన్ను పేరు వెట్టి పిలిచెటోళ్ళు ఒక్కలు లేకుండిరి. అందరికి నేను మెయిలక్కనే. జగిత్యాలల మా సేటుకు బట్టల దుకాణం, దాని మీది అంతస్తుల ఆఫీసు. కోరుట్లల ఇంకో దుకాణం. సిరిసిల్లల సాంచెల షెడ్డు. సాంచె అంటె పవర్‌లూమే, మా దిక్కు గట్లనే అంటరు. గీ మూడు ఊర్ల నడుమ ఏ ముచ్చట పోవాల్నన్నా నా టేబుల్ మీదంగనే పోవాలె. పన్నెండేండ్లు గట్లనే నడిచింది.

టైపు నేను పెండ్లి గాకముందే నేర్సుకున్న. జగిత్యాలలనే టైపు ఇన్‌స్టిట్యూట్ల లోయరు, హయ్యరు రెండు పాసైన. ఇప్పటికి గూడ కీబోర్డు దిక్కు చూడకుంట కొడ్త. సేటు తెలుగుల ఒక ముక్క చెప్తె నేను దాన్ని ఇంగ్లీషుల పది ముక్కలు చేస్తుంటి. "డియర్ సర్, విత్ రిఫరెన్స్ టు ది అబో సబ్జెక్ట్" అని మొదలువెట్టి, "థాంకింగ్ యూ, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ఖతం చేస్తె ఆ మెయిల్‌కు ఒక ఇజ్జత్ ఉంటుండె. నడిమిట్ల ఉన్నది రెండే మాటలు: రెండు వందల చీరెలు, జల్ది.

ఆ మెయిల్ సిరిసిల్లకు పోయే తీరు గూడ చెప్పాలె. షెడ్డుల కంప్యూటర్ లేదు. బస్టాండు కాడి నెట్ సెంటరాయన మెయిల్ తెరిచి, ప్రింటు దీసి, షెడ్డు దిక్కు పోయెటోళ్ళ చేతికిచ్చి వంపుతుండె. షెడ్డు నడిపెటాయన ఆసామి కాక. సాంచెలు వెట్టుకొని నలుగురితోని పని చేయించెటాయన్ను సిరిసిల్లల ఆసామి అంటరు. ఆయన నాకు చుట్టం గాదు పక్కం గాదు, ఫోన్లనే ఎరుక. గొంతు ఇని పెద్దమనిషి అనుకొని కాకా అన్న, ఆయన బిడ్డా అన్నడు, గట్లనే పడ్డది. ప్రింటు పోయి ముట్టేటి టైముకు నేను ఫోన్ కొడ్తుంటి.

"కాకా, మెయిల్ ముట్టిందా?"

"ముట్టింది బిడ్డా. ఏమున్నది గండ్ల?"

"చూస్తె ఎరుకైతది గదా కాకా, మొత్తం రాసిన."

"కండ్లద్దాలు ఏడనో వెట్టిన, దొరుకుత లెవ్వు. నువ్వే చెప్పు."

ఇగ నేను మొత్తం తెలుగుల చెప్తుంటి. ఎన్ని చీరెలు, ఏ రంగు, అంచు ఎంత, ఎప్పటికి కావాలె. పన్నెండేండ్లల్ల ఆయన అద్దాలు ఒక్కపారి గూడ దొరుకలే. ఫోన్లనే అయిపోయెడ్దానికి మెయిల్ ఎందుకని నాకెన్నడు తట్టలే. తట్టినా ఒప్పుకోకపోదును.

అట్లాంటి రాజ్యంలకు చిన్న మేడం అచ్చింది. సేటు కోడలు. హైదరాబాదుల పుట్టి పెరిగిన పిల్ల, చదువంత ఇంగ్లీషుల. పిల్ల మంచిదే, నేను కాదన. రెండు దినాలు నా పక్కన కుర్సీ ఏసుకొని కూసుండి నా పని చూసింది. మూడో దినం అడిగింది.

"ఆంటీ, ఈ మెయిల్స్ ఎవరు చదువుతరు?"

"అందరు చదువుతరు."

"అందరు అంటే ఎవరు?"

మాట లేనప్పుడు నాకు కోపమస్తది, అది మా ఇంట్ల పిల్లిక్కూడ ఎరుకే. "పని చేసుకోనియ్యి బిడ్డా" అన్న. పిల్ల నవ్వి లేసి పోయింది.

వారం తిరుగకముందే అందర్ని పిలిచి చెప్పింది. ఇగ మెయిల్ బంద్, అంత వాట్సాప్ గ్రూపులనే. జగిత్యాల ఆఫీసు, కోరుట్ల దుకాణం, ఆసామి కాక, రంగులద్దే చాచా, సేటు, నేను, ఆఖరికి ఆర్డరిచ్చే పెద్ద గిరాకీలు గూడ అందరు ఒక్క గ్రూపులనే ఉంటరట. మల్ల నన్ను పక్కకు పిలిచి, మంచిగనే, మెల్లగనే చెప్పింది.

"ఆంటీ, కోరుట్ల కౌంటర్ మీద అనుభవమున్న మనిషి కావాలె. ఈ నెల గ్రూపు ఎట్ల నడుస్తదో చూద్దం. మంచిగ నడిస్తె వచ్చే నెల నుంచి మీరు అక్కడికి పోదురు."

"మంచిది" అన్న. మా దిక్కు మంచిది అంటె సరే అని గాదు, ఇగ మాట అయిపోయింది పో అని. ఆ పిల్లకు అది గూడ ఎరుకలే, సంబురపడ్డది.

కోరుట్ల ఏమన్న లంకనా, బస్సెక్కితె దిగుడే. కౌంటర్ పని చిన్నదని గూడ నేను అన. కని పన్నెండేండ్లు మూడు ఊర్ల ముచ్చట నా పది వేళ్ళ కిందికెల్లి పోయింది. గిప్పుడు ఆ వేళ్ళతోని చీరెలు మడత వెట్టు అంటె నాకు ఏడుపచ్చింది. ఇంటికి పోయి మా ఇంటాయనకు చెప్పిన. ఆయన పేపర్ల నుంచి తల లేపలే.

"అయితె ఇగ మెయిలక్క గాదు, కౌంటరక్క" అన్నడు.

ఆ పూట నేను ఆయన పప్పుల ఉప్పెయ్యలే. సప్పుడు చేయకుంట తిన్నడు. నా నౌకరి నాకుండాల్నంటె ఆ గ్రూపు నెల లోపల సావాలె, గంతే లెక్క. నేను కూసొని దాని సావు కోసం ఎదురుచూసుడు షురువు చేసిన.

మొదటి దినాలు చూసి నాకు మస్తు ధైర్యమైంది. పొద్దుగాల లేస్తె గులాబి పువ్వులు, గుడ్ మార్నింగులు, దేవుండ్ల బొమ్మలు, శుక్రారం చాచా జుమ్మా ముబారకులు. ఎవలో మోకాళ్ళ నొప్పికి వాయిలాకు కాపడం ఎట్ల వెట్టాల్నో రాసిన్రు. ఆసామి కాక అయితె అన్నిటికన్న గమ్మతి. ఆయన పంపిన మొదటి మెసేజి ఒక వాయిస్. ఒత్తి ఇంటె మాట లేదు మంతి లేదు, నలబై సెకండ్లు ఒకటే సాంచెల సప్పుడు, టకటక టకటక. ముసలాయన తెల్వక ఒత్తిండు అని నేను ఆఫీసుల అందరికి ఇనిపించి నవ్విన. గిదా మీ గ్రూపు అని చిన్న మేడం దిక్కు చూసిన.

ఇగ ఆ బొటనేలు. నేను గ్రూపుల "డియర్ ఆల్, కైండ్లీ నోట్" అని ఇంగ్లీషుల ఒక పెద్ద ముక్క వెట్టిన. అర్ధగంట పట్టింది ఆ సన్న అక్షరాలు ఒత్తెవరకు. చిన్న మేడం దానికి జవాబుగ ఒక బొటనేలు బొమ్మ వెట్టింది. మా చిన్నప్పుడు ఎవలకన్న బొటనేలు చూపెడ్తె కొట్లాటనే. నీకు లేదు పో అన్నట్టు. నేను మొఖం మాడ్చుకొని కూసున్న. మాపటికి చాచా ఫోన్ చేసిండు. చాచా అంటె సిరిసిల్లల మా నూలుకు రంగులద్దేటాయన, ఏడాది కిందనే మా పనిల చేరిండు.

"బెహన్, చిన్న మేడం నాకు ఠేంగా ఎందుకు చూపిచ్చింది? నా రంగుల ఏమన్న కమీ ఉన్నదా?"

"ఏమో చాచా, మీరే అడుగుండ్రి" అన్న. పాపం ముసలాయన ఆ రాత్రి ఎట్ల పండుకున్నడో. తెల్లారి చిన్న మేడమే ఫోన్ చేసి, బొటనేలంటె సరే అని అర్థం చాచా అని నచ్చచెప్పింది. ఇగ చూడాలె చాచాను. ఆనాటి సంది ప్రతిదానికి బొటనేలే. ఎవలో కాలు ఇరిగిందని వెడ్తె దానికి గూడ బొటనేలే.

నవ్వుడు నవ్వుడే గని, పని మాత్రం నడువవట్టె. కోరుట్ల దుకాణంల గిరాకి కూసుండంగనే అంచు ఫోటో సిరిసిల్లకు పోవుడు, ఉన్నది లేదు అని నిమిషంల చెప్పుడు. నా మెయిల్‌కు రెండు దినాలు వట్టే పని చాయ తాగే లోపు అయితుండె. నేను దినాలు లెక్కవెడ్తుంటి. నెల దగ్గరవడె.

గప్పుడు అచ్చింది కోరుట్ల మహిళా సంఘం ఆర్డరు. ఆ సంఘానికి పెద్ద ఒక పెద్దమ్మ, మాట కరుకు, మనసు మంచిది. ఆ దినం కోరుట్ల దుకాణంల చిన్న మేడమే ఉన్నది. వాళ్ళ సభకు అందరికి ఒక్క తీరు చీరెలు కావాల్నన్నదట పెద్దమ్మ. చిన్న మేడం ఆన్నే నిలవడి గ్రూపుల వెట్టింది: "300 చీరెలు. పచ్చ. ఎర్ర అంచు."

పొద్దుగాల పదిన్నర అయితుండొచ్చు. నేను జగిత్యాలల నా టేబుల్ కాడ కూసొని చూస్తున్న. చాచా వాయిస్ పెట్టిండు.

"బేటీ, పచ్చ అంటె పీలానా, హరానా?"

చిన్న మేడం ఏం ఆలోచించలే. "హరా చాచా" అని రాసి పక్కన చిలుక బొమ్మ వెట్టింది. చాచా బొటనేలు వెట్టిండు.

పచ్చ అనే మాటతోని మాకు ఎప్పుడు పంచాయితే. పసుపు పచ్చనే, చాచా దాన్ని పీలా అంటడు. చిలుక పచ్చనే, అది హరా. వరి పచ్చగుంటది, కామెర్లయితె కండ్లు గూడ పచ్చగైతయ్. చెప్పెటోని మొఖం జూసి ఏ పచ్చనో అర్థం చేసుకోవాలె, లేకపోతె అడుగాలె. నేను అడిగిన. రెండేండ్ల కింద గీ పెద్దమ్మనే గిసొంటి ఆర్డరే ఇస్తె, ఫోన్ చేసి ఏ పచ్చ పెద్దమ్మా అని అడిగిన. "పచ్చ అంటె పచ్చనే, తంగేడు పువ్వసొంటి పచ్చ. ఆకు రంగైతె ఆకు రంగే అంట గదా" అని నన్నే కోప్పడ్డది. అప్పుడు చాచా లేడు, రంగులకు వేరే ఆయన ఉండె. నాకు యాదికున్నది. అయినా కంప్యూటర్ల పాత మెయిళ్ళు తెరిచి చూసిన. ఉన్నది. ఎల్లో, లైక్ తంగేడు ఫ్లవర్, అని నా చేతితోని కొట్టిన అక్షరాలు.

చూసిన. చూసి మూసిన. లేసి పోయి చాయ వెట్టుకున్న.

అబద్ధమెందుకు, లోపట ఒకటే సంబురం. మెయిల్ ఉన్నప్పుడు గిట్లయితుండెనా అని. మూడు వందల చీరెలు ఆకుపచ్చగ దిగాలె, పెద్దమ్మ కోరుట్ల దుకాణం పీకి పందిరెయ్యాలె, సేటు నా టేబుల్ కాడికచ్చి అమ్మా ఇగ మెయిలే మంచిగుండె అనాలె. చాయల శక్కెర జాస్తి పడ్డది, అయినా తీయగ తాగిన.

పగటీలి బువ్వ తిని అచ్చి చూస్తె కాక ఒక ఫోటో వెట్టిండు. షెడ్డుల ఖాళీ భీములు ఒకదాని పక్కన ఒకటి వరుసగ నిలవెట్టి ఉన్నయ్. పడుగు నూలు చుట్టే పెద్ద కడ్డీలను భీములంటరు. దాని కింద వాయిస్.

"బిడ్డా, ఆర్డరు సంగతి చాచా చెప్పిండు, అందరం తయారుగున్నం. మాపటికి చాచా కాడికెల్లి నూలస్తె రేపు భీములు చుట్టుడే. నెల సంది సాంచెలు సగం ఆగి ఉన్నయ్. గీ పని ఉన్నన్ని దినాలు ఒక్కటి గూడ ఆగది."

అంత గ్రూపుల ఎవలను బిడ్డా అన్నడో ఆయన చెప్పలే. అంటె నన్నే అన్నడు. ఇంకెవల్ని అట్ల అన్నది నేను ఎన్నడు ఇనలే.

నాకు గప్పుడు సోయికచ్చింది. చీరెలు ఆకుపచ్చగ దిగితె చిన్న మేడమ్‌కు ఏమైతది, రెండు దినాలు మొఖం చిన్నగైతది. గిరాకి వాపసు కొట్టిన బట్ట పడేది కాక నెత్తి మీద. మల్ల నూలు, మల్ల రంగు, మల్ల కండెలు చుట్టే ఆడోళ్ళ రెక్కలు. నా కుర్సీ నిలవడాల్నంటె ఆయన సాంచెలు ఆగాల్నా? ఛీ, నీ బతుకు జెడ అని నన్ను నేనే తిట్టుకున్న.

ఇగ ఉరుకాలె. ఉరికిన. కని ఏడికి ఉరికిన్నో చెప్తె మీరు నవ్వుతరు. కంప్యూటర్ కాడికి ఉరికిన. సబ్జెక్ట్ దగ్గర అర్జెంట్ అని కొట్టిన. డియర్ సర్ అని కొట్టిన. విత్ రిఫరెన్స్ టు అని గూడ కొట్టిన. ఇల్లు అంటుకుంటుంటె విత్ రిఫరెన్స్ టు ఏందని ఇప్పుడు అనిపిస్తది, కని అప్పుడు వేళ్ళు వాటంతట అవే పోయినయ్. మెయిల్ వంపి, అలవాటు ప్రకారం నెట్ సెంటరుకు ఫోన్ చేసిన.

"మెయిల్ ముట్టిందా అన్నా? జల్ది ప్రింటు దియ్యి."

"మెయిలక్కా, నేను అది బంద్ వెట్టి ఇరవై దినాలాయె. మీ మెయిళ్ళే గదా అచ్చేటియి. గిప్పుడు సెల్లు కవర్లు అమ్ముతున్న. మీకేమన్న కావాల్నా?"

ఫోన్ వెట్టేసిన. కాకకు చేసిన, ఎత్తలే. సాంచెల నడుమ ఏ ఫోన్ ఇనవడ్తది. చాచాకు చేసిన, ఎత్తలే. చిన్న మేడమ్‌కు చేస్తె వేరే కాల్ల ఉన్నదట. గోడ గడియారం మూడు చూపెడ్తున్నది. చాచా పగటీలి నమాజు అయినంకనే నూలు ముంచుతడని నాకెరుక.

మిగిలింది గ్రూపే. అక్షరాలు కొడ్దామంటె ఒకటి ఒత్తితె ఒకటి పడుడు. ఆఖరికి ఆ మైకు బొమ్మ మీద వేలు వెట్టి ఒత్తి పట్టిన. నా జిందగీల మొదటి వాయిస్ మెసేజి.

"ఓ చాచా, చెయ్యి ఆపు. నూలు ముంచకు. హరా గాదు, పీలా, పీలా. తంగేడు పువ్వు పచ్చ. బతుకమ్మకు పేరుస్తరు సూడు తంగేడు పువ్వు, గా పచ్చ. చిలుక గాదు, ఆ చిలుకను ఎగురగొట్టు. కాకా, నువ్వు గూడ ఆగు, నూలు మంచిగ జూసినంకనే భీములు ముట్టు. గా కోరుట్ల పెద్దమ్మను ఏ పచ్చ అని ఒక్కలన్న అడిగిన్రా? చాచా అడిగిండు, ఆయన మనిషి. మిగిలినోళ్ళు ఊకె బొటనేళ్ళు, బొటనేళ్ళు, లేస్తె గులాబి పువ్వులు. ఇంగ్లీషు సదువుకున్నోళ్ళకు పచ్చ ఎట్ల ఎరుకైతది, అడుగాలె గదా. నేనేమన్న సచ్చిన్నా, గీన్నే కూసున్న గదా గుడ్లగూబ లెక్క."

వేలు తీసిన. పోయింది. పోయినంక యాదికచ్చింది, గ్రూపుల సేటున్నడు. పెద్దమ్మ ఉన్నది. నేను తిట్టిన పిల్ల ఉన్నది. ఇగ కోరుట్ల కౌంటర్ గూడ లేదు, సక్కగ ఇంటికే అనుకొని సంచి సర్దుకున్న.

ఐదు నిమిషాలకు చాచా వాయిస్ అచ్చింది. మాట కన్న ముందు నవ్వు. పనిల చేతులకు రంగుంటదని చాచా ఫోన్‌ను ఒక స్పీకర్ డబ్బకు కలిపి పెట్టుకుంటడట, పాత పాటలు ఇనేతందుకు. నూలు కట్ట చేతుల వట్టుకొని తొట్టి మీదికి వంగిండట. పక్కన పని చేసే పిలగాడు మెసేజి చూసి ఒత్తెవరకు, పాట నడిమిట్ల ఆగి ఆ డబ్బల నుంచి నా గొంతు అచ్చిందట, చెయ్యి ఆపు అని.

"అల్లా కసం బెహన్, నేనే గాదు, సందుల పోయే ఆటో గూడ ఆగింది. నూలు తెల్లగనే ఉన్నది. పీలానే చేస్త. చిలుకను ఎగురగొట్టిన."

దాని ఎనుక పెద్దమ్మ వాయిస్. "అవ్వో, నాకు తంగేడు పచ్చనే కావాలె. నేను గట్లనే చెప్పిన గదా. గా చిలుకను గులాబి పువ్వుల లెక్క ఊకె బొమ్మనుకున్న. మెయిలక్కా, నువ్వు సల్లగ బతుకు తల్లీ." దాని ఎనుక సేటు. మాట లేదు, ఒక్క బొటనేలు. అది సరే అనే బొటనేలో, నీకు లేదు పో అనే బొటనేలో నాకు సమజు గాలే. ఆ రాత్రి నేను గూడ చాచా లెక్కనే పండుకున్న.

తెల్లారి నేను పోయే వరకే చిన్న మేడం నా టేబుల్ కాడ కూసొని ఉన్నది. తిట్లకు తయారై నిలవడ్డ. పిల్ల తిట్టలే. ఒకటే అడిగింది.

"ఆంటీ, నేను ఆర్డర్ పెట్టింది పొద్దున. మీరు చెప్పింది మూడు గంటలకు. పొద్దున చూడలేదా?"

చూడలే అంటె అయిపోయేది. నోటి దాక అచ్చింది. కని కాక బిడ్డా అన్న మాట చెవులల్ల ఇంక ఉన్నది.

"చూసిన బిడ్డా. పొద్దుగాలనే చూసిన. గ్రూపు చెడిపోతె నా కుర్సీ నాకుంటదని సప్పుడు చేయలే. కాక మాట ఇన్నంక ఉండలేకపోయిన."

పిల్ల కిందికి చూసుకుంట ఫోన్ అటు ఇటు తిప్పింది.

"కోరుట్లకు పొమ్మంటె మంచిది అన్నరు. పోవుడు ఇష్టం లేదని ఒక్క మాట అనలేదు."

"నువ్వు అడిగినవా?"

"అడుగలేదు." మల్ల తనే మెల్లగ నవ్వింది. "పచ్చ లెక్కనే అయింది ఆంటీ. నేను అడుగలేదు, మీరు చెప్పలేదు."

ఫోన్ తీసి నా మెసేజి మల్ల పెట్టింది. చిలుకను ఎగురగొట్టు అనే కాడికి రాంగనే పిల్ల కడుపు వట్టుకొని నవ్వుడు. నాకు గూడ ఆగలే. ఇద్దరం కండ్లల్ల నీళ్ళచ్చేదాక నవ్వినం. నవ్వి నవ్వి, కండ్లు తుడుసుకొని అన్నది: "రోజు పొద్దున ఆర్డర్లన్ని మీరు ఇట్లనే చెప్పుండ్రి. గిరాకిని అడిగి, మీ నోటితోని. మీ టేబుల్ ఎటు పోదు."

"తిట్టుకుంటనా?"

"తిట్లు జర తక్కువ."

నేను ఇంటికి పోయి చెప్తె మా ఇంటాయన పేపర్ మడిచిండు. "అయితె వాయిసక్క" అన్నడు. ఆ పూట పప్పుల ఉప్పు సరిగనే ఏసిన.

పచ్చ చీరెలు దిగే దినం చిన్న మేడం నన్ను కార్ల ఎక్కించుకొని సిరిసిల్లకు తీస్కపోయింది. పన్నెండేండ్లల్ల నేను షెడ్డు చూసుడు అదే మొదలు. కాకను చూసుడు గూడ. ఫోన్ల గొంతు ఇని ఎత్తు మనిషి అనుకున్న, చూస్తె నా భుజం కాడికున్నడు. తెల్ల మీసాలు, నవ్వితె ముందు పన్ను ఒకటి లేదు. ముందుగాల చాచా ఎదురచ్చి రంగు డబ్బ చూపెట్టిండు. డబ్బ మీద తెల్ల సున్నంతోని రాసి ఉన్నది, మెయిలక్క పచ్చ అని. ఇగ ఎవలు ఆర్డరిచ్చినా అదే పేరట. పక్కన సాంచెల మీద ఆ పచ్చ చీరెలు ఎర్ర అంచుతోని మెల్లగ దిగుతున్నయ్. షెడ్డు మొత్తం తంగేడు పూసిన తీరుగున్నది.

లోపట గోడకు ఒక ఇనుప తీగ ఏలాడుతున్నది. దానికి కింది నుంచి మీది దాక కాగితాలు గుచ్చి ఉన్నయ్. దగ్గరికి పోయి చూస్తె నా మెయిళ్ళు. డియర్ సర్, డియర్ సర్, డియర్ సర్. కిందియి పసుపు రంగుకు తిరిగినయ్.

"అన్ని దాసినవా కాకా?"

"పారేస్తనా మల్ల. నువ్వు వంపినయి గదా."

"చదువంగ నీకు ఎప్పుడన్న నవ్వు రాలేదా, నా ఇంగ్లీషుకు?"

కాక చుట్టు చూసిండు, ఎవలన్న ఇంటున్నరేమో అని. సాంచెల సప్పుడుల ఎవలింటరు. నా చెవు కాడికచ్చి అన్నడు.

"నాకు అక్షరం రాదు బిడ్డా. ఇంగ్లీషు గాదు, తెలుగు గూడ రాదు."

"మరి కండ్లద్దాలు?"

"నాకు అద్దాలే లెవ్వు. ఎన్నడు లెవ్వు. నీ ఫోన్ కోసం చూస్తుంటి. నువ్వు ఒక్కపారి చెప్తె మర్సిపోకుంట పొద్దుందాక మనసుల అనుకుంటుంటి. మల్ల అడిగితె ఏమనుకుంటవో అని." ఫోన్ చేతుల వట్టుకొని తిప్పి చూపెట్టిండు. "గిప్పుడు బాధ లేదు. నీ మాట గీండ్లనే ఉంటది. మర్సిపోతె మల్ల ఒత్తుత. ఎవల్ని అడిగే పని లేదు."

పన్నెండేండ్లు ఆ ముసలాయన నా రెండు నిమిషాల ఫోన్ మీద మూడు ఊర్ల పని చేసిండు. నేను ఆ కుర్సీల కూసొని నా మెయిళ్ళతోని నడుస్తున్నదనుకున్న.

కార్ ఎక్కేటప్పుడు కాక కిటికీ కాడికచ్చిండు.

"బిడ్డా, నేను మొదలు పంపినది ఇన్నవా? సాంచెల సప్పుడు."

"ఇన్న కాకా. తెల్వక ఒత్తినవనుకున్న."

"తెల్వక గాదు. నీకే పంపిన. ఇన్నేండ్ల సంది పని చెప్తున్నవ్, షెడ్డు ఎట్లుంటదో నువ్వెన్నడు ఇనలే గదా అని."

తొవ్వ పొడుగుత చిన్న మేడం ఏందో మాట్లాడుతనే ఉన్నది, నేను ఊ కొడ్తనే ఉన్న. వేములవాడ దాటినంక ఫోన్ తీసి గ్రూపుల ఎనుకకు పోయిన. గులాబి పువ్వులు, దేవుండ్లు, వాయిలాకు అన్ని దాటుకుంట మొదటి దినం కాడికి పోయిన. కాక వంపినది అట్లనే ఉన్నది. దాని కింద ఎవలు ఏం వెట్టలే, నేను నవ్వినందుకు. ఒత్తి చెవు కాడ వెట్టుకున్న. టకటక టకటక, నలబై సెకండ్లు. అయిపోయినంక మల్ల ఒత్తిన. మైకు మీద వేలు వెట్టి, మల్ల తీసిన. నెల ఆలస్యంగ దాని కింద ఒక బొటనేలు వెట్టిన.